అత్త చేతికి కత్తి

కంప్యూటరు ఆటలోకి దిగే ముందు అందులో మనిషికి ముక్కూ మొహం తీర్చిదిద్దడమంటే నాకున్న పిచ్చిని మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసేది. "సచ్చేదానికి ఇంత సింగారమా?"

అమ్మ అన్నదాంట్లో తప్పేమీ లేదు. రెండువేల ఆరో, ఏడో అయ్యుంటుంది. నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. మధ్యాహ్నాలు మా నాయన ఫోటో స్టూడియోలో కూర్చుని, పాస్‌పోర్టు ఫోటోల కోసం కొన్న కంప్యూటరులో ఆట ఆడేదాన్ని. ఆట అంటే ఆషామాషీ ఆట కాదు. కోట గేటు ముందర గొడ్డలి పట్టుకుని ఒక రాక్షసుడుంటాడు. దగ్గరికి పోతాం, ఒక్కటి వేస్తాడు, పోతాం. మళ్ళీ మొదటినుంచి. ఆ వేటు తప్పించుకోవడం నేర్చుకుంటే రెండో వేటు వేస్తాడు. తంటాలు పడి అదీ నేర్చుకుంటే కరెంటు పోతుంది.

ఇంత కష్టమైన ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఆట మొదలు కాకముందే ఉండేది. ముందుగా ఒక బోడి మొహాన్ని మన ఎదుట పెడతారు. పక్కన గీతలు, గీతల మీద చిన్న చిన్న గుండీలు. గుండీ కుడికి జరిపితే ముక్కు సాగుతుంది, ఎడమకి జరిపితే చప్పిడి అవుతుంది. దవడ, చెంప, కనుబొమ్మ, దేని గీత దానిదే. తర్వాత పంచుకోవడానికి పాయింట్లిస్తారు. బలానికి ఎన్ని, వేగానికి ఎన్ని, ఓర్పుకి ఎన్ని అని. నేను ఒక్క గడ్డం మీదే రెండు మధ్యాహ్నాలు గడిపేదాన్ని.

ఎందుకంటే చెప్తాను. ఆట చేసినవాళ్ళు రెడీగా ఇచ్చిన వీరుడు చస్తే, పనికిమాలినోడు అని వాణ్ణి తిట్టుకుని లేచిపోవచ్చు. మన చేత్తో ముక్కూ మొహం పెట్టినవాళ్ళు చస్తే అలా లేచిపోలేం. అయ్యో, నేను సరిగ్గా చూసుకోలేకపోయానే అనిపిస్తుంది. నలభై సార్లు చచ్చినా నలభై ఒకటోసారి ఆడించేది ఆ బాధే. ఇది నాకు తెలిసిన సంగతి, మా అమ్మకు తెలియని సంగతి.

అయితే నేను చేసేది ఎవరి మొహమో కూడా చెప్పాలి. మా అత్తది. నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. పుత్తూరులో ఉంటుంది. పుత్తూరు మాకు బస్సులో గంట. ఆ గంట ప్రయాణం చేసి అప్పటికి ఏడేళ్ళు.

గొడవ ఏమిటంటే, అత్త కూతురి పెళ్ళి. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకురావాల్సింది మేనమామ. అంటే మా నాయన. ఆ రోజు మా బస్సు దారిలో చెడిపోయింది. ఇంకో బస్సు పట్టుకుని మేం చేరేసరికి ముహూర్తం దాటిపోతుందని అత్త మొగుడి తరఫు ఎవరో బుట్ట ఎత్తేశారు. నాయన పందిట్లో అడుగుపెట్టి అది చూశాడు. "మేనమామను నేను బతికుండంగానే ఇంకొగరు ఎత్తుతారా?" అన్నాడు. విస్తరి ముందు కూడా కూర్చోకుండా మమ్మల్ని వెనక్కి లాక్కొచ్చాడు. ముహూర్తం ఎవరికోసమూ ఆగదని అమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఆ వారంలోనే అత్త ఉన్న ఫోటోలన్నీ ఏరి, కవర్లో పెట్టి, ఆమెకే పంపించేశాడు. నెగెటివులతో సహా. మూర్ఖత్వంలో కూడా మా నాయనది నీటైన పనే.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. వేసవి సెలవులన్నీ అత్త దగ్గర గడిపిన పిల్లను. తల దువ్వింది, తిట్టింది, మామిడికాయ ముక్కల్లో ఉప్పూకారం వేసి పెట్టింది ఆమె. ఊళ్ళో సగం మంది మొహాలుండే స్టూడియోలో ఆమె మొహం ఒక్కటీ లేదు. ఏడేళ్ళకి ఏమైందంటే, కళ్ళు మూసుకుంటే గొంతు వినిపిస్తుంది కానీ మొహం సరిగ్గా రావడం లేదు. నాకు భయమేసింది. ఇంకో రెండేళ్ళు పోతే బజారులో ఎదురుపడినా గుర్తుపట్టనేమో అని నిజంగా భయమేసింది. అందుకే ఆ గుండీలు జరపడం మొదలుపెట్టాను.

చెంపలు తొందరగానే వచ్చాయి. ముక్కు ఫరవాలేదు. ముక్కుపుడకలు ఆ ఆటలో లేవు, క్షమించేశాను. నోటి దగ్గర మాత్రం వారం రోజులు ఆగిపోయాను. మా అత్త నోరు మూసుకుని ఉండగా చూసిన గుర్తు ఒక్కటీ లేదు మరి. పాయింట్లు పంచేటప్పుడూ అదే చిక్కు. ఆమె అసలు బలం నోరే, దానికి ఆ ఆటలో గీతే పెట్టలేదు. చేసేదిలేక అన్నీ ఓర్పు మీద గుమ్మరించి, చేతికి కత్తిచ్చి, గేటు ముందుకి తోలాను. రాక్షసుడు ఒక్కటి వేశాడు. అత్త పోయింది. "ఛీ, నీ చేతులు పడిపోను!" అని గట్టిగా అరిచాను.

ఆ అరుపుకి డార్క్‌రూములో ఏదో సర్దుకుంటున్న నాయన బయటికొచ్చాడు. నేను రాక్షసుడితో మొత్తుకుంటున్నది చూసి ముందు తిట్టాడు. "గిరాకీ రాకుంటే గమ్మున కూర్చోవచ్చు గదా. కరెంటు బిల్లు ఎవురు కడతారు?" అంతలో తెర మీద అత్త మళ్ళీ బతికి, ఇటు తిరిగి నిలబడింది. నాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు, మళ్ళీ కిందికి లాక్కున్నాడు.

"ఎవురది?"

"ఎవరో, ఆటలో మనిషి," అన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

నాయన చాలాసేపు చూశాడు. తంతాడేమో అనుకున్నాను. చివరికి అన్నాడు. "దానికి ముక్కు అంత పొడుగుండదు."

నేను మొహం చేసే పేజీకి వెనక్కి పోయి ముక్కు గుండీ పట్టుకుని ఎడమకి జరిపాను. "ఇంకొంచెం," అన్నాడు. "ఇంకొంచెం. అబ్బా, అంత కాదు, చప్పిడి ముక్కా మా ఇంట్లో వాళ్ళది? వెనక్కి రా. ఆఁ. ఆడ ఆపు."

అట్లా మొదలైంది. నాయన వయసంతా మొహాలతోనే గడిచింది. ఫిలిం రోజుల్లో కింద దీపం పెట్టిన అద్దం మీద నెగెటివు ఆనించి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొటిమలూ ముడతలూ మచ్చలూ మాయం చేసేవాడు. టచింగ్ అంటారు ఆ పనిని. తిరుపతిలో పెళ్ళికుదిరిన ఆడపిల్లల్లో చాలామంది నునుపు మా నాయన పెన్సిలుదే. కంప్యూటరు వచ్చాక ఆ విద్యకి పని లేకుండా పోయింది. మౌసు అంటే ఆయనకు మంట. అలాంటి మనిషి రోజూ భోజనం కాగానే కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చునేవాడు. "దవడ ఎముక కొంచెం బయటికి. కన్ను ఒక్క నూలు కిందికి. కింది పెదిమ మీది పెదిమకి ఆనుకోదు దానికి, ముందర పండ్లు రవ్వంత ఎత్తు." అంతా ఆయన చెప్తుంటే గుండీ జరిపేది నేను. ఫోటో దిగడానికి వచ్చినవాళ్ళు బెంచీ మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. ఒకసారైనా చెల్లెలు అనలేదు, పేరెత్తలేదు. 'దానికి', 'దానిది', అంతే.

మొహం కుదిరాక గేటు దగ్గరికి పోయేవాళ్ళం. నాయనకి ఆ ఇనుప కవచం నచ్చలేదు. "ఆ ఇనప రైక ఏంది? ఎండకి సచ్చిపోతాది." రాక్షసుడు గొడ్డలెత్తగానే కుర్చీలోంచి లేచేవాడు. "తప్పుకో! తప్పుకోమే! పక్కకి దూకమని సెప్పు పాపా దానికి!" అత్త పడిపోతే "ఇంగోసారి పంపించు," అనేవాడు. ఆయన్ని పక్కనుంచి చూస్తుంటే నాకు నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది. పో నాయనా, గంట దూరమే గదా, పోయి చూడు, అనడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

చివరికి కనుబొమ్మ మీద గాటు దగ్గర మా ఇద్దరికీ చెడింది. చిన్నప్పుడు నాయన మామిడికాయకి రాయి విసిరితే అది కాయకి కాకుండా అత్తకి తగిలింది. ఆ గాటు. నేను ఎడమ కనుబొమ్మ మీద పెట్టాను. నాయన కుడి అన్నాడు.

"ఎడమే నాయనా. నా తల దువ్వేటప్పుడు అద్దంలో, బయటా ఎన్నిసార్లు చూశానో."

"రాయేసినోన్ని నేను! అదీ గాక, దాని ప్రతి నెగెటివులో ఆ గాటు తీసినోన్ని. ఈ చేత్తో ఎన్నిసార్లు తీసినానో నీకేం తెలుసు? కుడి."

రెండు రోజులు ఇదే పోట్లాట. అమ్మని అడిగితే "నన్ను లాగొద్దండి" అని తప్పుకుంది. మూడో రోజు పొద్దున నాయన కెమెరా సంచీ భుజానికి తగిలించుకుని నా ముందర నిలబడ్డాడు. "పద. పోయి సూసొస్తాం. నీ నోరు మూయించాల." అమ్మతో మాత్రం పుత్తూరులో ఏదో ఆర్డరుందని చెప్పాడు. అమ్మ అంతా విని, ఏమీ తెలియనట్టు, ఒక సంచీలో పూలూ పండ్లూ పెట్టి నా చేతికిచ్చింది. ఆర్డరుకి పూలెందుకని నాయన అడగలేదు.

పుత్తూరు అంటే విరిగిన ఎముకలకి కట్టు కట్టే ఊరు. ఆ బస్సులో చేతికో కాలికో దెబ్బ లేకుండా ఎక్కింది ఆ రోజు మేమిద్దరమేనేమో. కండక్టరు మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఎవురికప్పా విరిగింది?" అన్నాడు. "ఎవురికీ లేదు, రెండియ్యి," అన్నాడు నాయన.

సగం దారిలో నాయన తన అరచెయ్యి ముందు పెట్టుకుని ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత కిటికీలోంచి చూస్తూ మెల్లగా అన్నాడు. "నువ్వు సెప్పిందే రైటు పాపా. ఎడమే."

"అదేంది?"

"పెన్సిలు పట్టేది నెగెటివుకి మెరుపు లేని వైపు. ఆ వైపునుంచి సూస్తే మనిషి తిరగబడి ఉంటాది, ఎడమ కుడి అయితాది. నేను దాని మొగం సూసింది తక్కువ, నెగెటివు సూసింది ఎక్కువ."

నాకు గెలిచానన్న సంతోషం ఒక్క క్షణమే. పంతం తీరిపోయింది కదా, ఇక పోయేదానికి సాకు లేదు కదా అని దిగులు పట్టుకుంది. అయినా ఉండబట్టలేక అడిగేశాను. "అయితే దిగి వెనక్కి పోదామా?"

నాయన నా వైపు తిరగలేదు. "టిక్కెట్టు కొట్టించినాం గదా. గమ్మున కూర్చో."

అత్త ఇంటి ముందు వసారాలో ఒక ఆవిడ చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుని ఉంది. తల పూర్తిగా నెరిసిపోయింది. కళ్ళ కింద, మూతి చుట్టూ ముడతలు. ముందరి పళ్ళు రెండు లేవు. ఎవరో ముసలావిడ, అత్త లోపల ఉంటుంది అనుకున్నాను. ఆమె తలెత్తి చూసేదాకా అదే అనుకున్నాను.

నెల రోజులు ఇద్దరం కూర్చుని నూలు నూలు చొప్పున దిద్దిన మొహం ఏడేళ్ళ కిందటిది. ఆమెకూ వయసవుతుందన్న ఆలోచన మాకిద్దరికీ ఒక్కసారి కూడా రాలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నాయన వాకిట్లో చెప్పులతోనే నిలబడిపోయాడు.

అత్త నన్ను చూసింది, ఆయన్ని చూసింది, మళ్ళీ పిక్కల్లోకి చూసింది. "పెండ్లికి ఇప్పుడా వచ్చేది?" అంది. "బుట్ట ఎత్తేదానికి వచ్చింటే పనిగాదు. దానికిప్పుడు ఇద్దరు పిల్లోళ్ళు. లావైపొయ్యింది, మోస్తే నడుము పట్టుకుంటాది."

నాయన నవ్వలేదు. "ఇంత నెరిసిపొయ్యిందేమే నీకు?"

"నెరవదా మల్ల? సూసేవాళ్ళు లేరని ఆగతాదా? నీదేమన్నా నల్లగుండాదా, రంగు గదా అది."

నాయన భుజం మీది సంచీ దించి కెమెరా బయటికి తీశాడు.   "నీ ఫోటో ఒగటి తియ్యాల," అన్నాడు.

"ఈ మొగానికి ఫోటోనా? ఆహా, తీసుకోనిపోయి ముడతలన్నీ నున్నంగా తీసేస్తావులే, అదే గదా నీ పని."

"లేదు," అన్నాడు నాయన. "ఒగటి గూడా తియ్యను. ఏడేండ్లు సూళ్ళేదు నేను. అన్నీ కావల్ల నాకు."

అత్త చేతిలో పిక్క అలాగే ఉండిపోయింది. తర్వాత చింతపండు చేట పక్కకి నెట్టి, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని లేచింది. "ఉండు, పౌడరు పూసుకోనొస్తా," అని లోపలికి పోయింది. నేను పూల సంచీ పట్టుకుని, నాయన కెమెరా పట్టుకుని, ఇద్దరం ఎండలో నిలబడే ఉన్నాం.

లోపలినుంచి పౌడరు డబ్బా మూత పడిన చప్పుడు, దాని వెనకే అరుపు. "ఇంగా ఆన్నే నిలబడుకోనుండావా? సెప్పులిప్పి లోపలికి రా, అన్నా."