ఎల్లాజీ ఓడ, కూర్మమ్మ సానరాయి

పదునైన పనిముట్టు ప్రమాదమనీ, మొద్దుబారినది క్షేమమనీ చాలామంది నమ్మకం. పసిపిల్లలున్న ఇంట్లో కత్తి అటక ఎక్కుతుంది. వయసు మళ్ళినవారి చేతికి అరిగిన చాకు అందుతుంది. ఈ అభిప్రాయానికి తల్లి భయం. భయం కన్నవన్నీ అబద్ధాలు కావు గనుక దీన్ని తేలికగా కొట్టిపారేయలేము. పరీక్షించకుండా ఒప్పుకోనూ లేము. వంశధార సముద్రంలో కలిసేచోటికి దగ్గరగా, కళింగపట్నం దీపస్తంభం కనిపించే ఒక మత్స్యకార పల్లెలో ఈమధ్య ఆ పరీక్ష తనంతట తానే జరిగింది. దానికి లోనైనది ఎల్లాజీ ఎడమ పాదం.

ఎల్లాజీ ఒకప్పుడు పడవలు కట్టినవాడు. మేకు అన్నది లేకుండా, పలకకూ పలకకూ కొబ్బరితాడుతో కుట్టు వేసి కట్టే పడవలు అవి. మేకులు కొట్టిన పడవ కెరటాన్ని ఎదిరిస్తుందనీ, కుట్టిన పడవ కెరటంతో పాటు ఊపిరి తీస్తుందనీ అతని తండ్రి చెప్పేవాడు. ఫైబరు బోట్లు వచ్చాక ఆ కుట్టుపని ఎవరికీ అక్కరలేకపోయింది. ఎల్లాజీ అందుకు పెద్దగా దుఃఖించలేదు. తానూ ఫైబరు బోటెక్కి వేటకు వెళ్ళాడు. తరువాత సుగరు జబ్బు వచ్చింది. మొదట పాదాల్లో చీమలు పాకినట్లు ఉండేది. ఆపైన ఆ చీమలు కూడా వెళ్ళిపోయాయి. ఎండలో ఇసుక మీద నడిచినా అది కాలుతున్నదో చల్లగా ఉన్నదో తెలిసేది కాదు. అప్పుడు బోటు దిగాడు. కొన్ని నెలలకు ఇంటి చూరు కింద కూర్చుని, ఓడ చెక్కడం మొదలుపెట్టాడు.

ఆ ఓడను అతను చూడలేదు. అతని తాత చూశాడు. కళింగపట్నం రేవుగా ఉన్న రోజుల్లో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక లోతు నీటిలో నిలిచేవి. కుట్టుపడవలవాళ్ళు సరుకును కెరటాలు దాటించి వాటికి చేర్చేవారు. ఆ పడవల్లో తెడ్డు వేసిన తాత, తెరచాపలెత్తిన ఓడను మనవడికి ఒకే మాటలో చెప్పేవాడు: “మబ్బుల్ని తాళ్ళతో కట్టేసిన ఇల్లురా.” ఆ మాట నుంచి ఎల్లాజీ మూరెడు పొడవు ఓడను తీస్తున్నాడు. కొలతలు లేవు, చూసి చెయ్యడానికి బొమ్మ లేదు. అడుగుభాగం గుమ్మడిటేకు దుంగ. పక్కలకు సన్నని పనస బద్దలు. నిజం చెప్పాలంటే ఆ ఓడకు ముక్కు బరువు. నీటిలో వేస్తే తల వంచుతుంది. తెరచాప కొయ్యలు ఉండవలసినదానికంటే ఎత్తు. ఏ దేశపు ఓడా అలా ఉండి ఉండదు. అయినా సాయంత్రపు ఎండ దాని మీద పడినప్పుడు చూసేవారి కన్ను కాసేపు కొలతలు అడగడం మరచిపోతుంది. అంతవరకు ఒప్పుకోవచ్చు.

అతను పనిచేసే తీరు పడవలవాళ్ళ తీరు. నేల మీద చతికిలబడి, ఎడమ కాలు చాపి, చెక్కను బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించి, అరికాలితో అదిమి పట్టి, ఉలిని ముందుకు తోస్తాడు. సముద్రపు ఇసుకలో బల్లలుండవు గనుక పాదమే బల్ల, పాదమే పట్టకారు. పెద్ద పలక మీద ఈ పద్ధతిలో తప్పు లేదు. ఉలికీ వేలికీ మధ్య మూరెడు చెక్క ఉంటుంది. ఓడ పలక చూపుడువేలి వెడల్పు కూడా ఉండదు. మనిషి మాత్రం పెద్ద పడవ పట్టునే చిన్న ఓడకూ తెచ్చుకున్నాడు. పైగా ఆ పట్టు పట్టే పాదానికి ఇప్పుడు ఏమీ తెలియదు.

ఇదంతా అతని భార్య కూర్మమ్మ ఎరుగును. సంతల్లో చేపలమ్మే మనిషి ఆమె. కాలికి దెబ్బ తగిలితే తెలియదని, తెలిసేసరికి మానదని, మానకపోతే వేలో పాదమో తీసెయ్యవలసి వస్తుందని ఆస్పత్రిలో చెప్పిన మాట ఆమె చెవిలో ఉండిపోయింది. ఓడ మానమని ఆమె అనలేదు. ఓడ లేని ఎల్లాజీ ఎలా ఉంటాడో బోటు దిగిన తొలి నెలల్లో చూసింది. గోడకేసి తిరిగి పడుకునేవాడు. అందుకని ఇంకొక మార్గం ఎంచుకుంది. సానరాయిని దాచేసింది.

“నా రాయేటైనాదే?” అని అతను అడిగాడు.

“నానేటి, రాయికి కాపలా ఉన్నానా? ఉన్న ఉలితోనే సెక్కుకో మావా. మొండిదైతే కాలు మీద పడినా తోలు దాటదు.”

ఆమె భయం అతనికి అర్థమైంది, ఎదురాడలేదు. ఉలులు ఒక్కొక్కటే మొద్దుబారాయి. ఇద్దరూ దాన్ని క్షేమమనుకున్నారు.

మొద్దు ఉలి కోయదు, నెడుతుంది. కోసే ఉలి చేతి మాట వింటుంది. నెట్టే ఉలికి బలం కావాలి; బలం పెరిగినకొద్దీ దాన్ని ఆపే శక్తి చేతికి తగ్గుతుంది. ఒక మధ్యాహ్నం ఎల్లాజీ ఓడ పక్కకు పనస బద్దను సన్నం చేస్తున్నాడు. ఆరవేసిన వలల వాసన గాలిలో నిలిచి ఉంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర మట్టిరంగు నీరూ నీలం నీరూ ఒకదాన్నొకటి తోసుకోకుండా పక్కపక్కన పడుకున్నాయి. అతని మనసు బద్ద మీద లేదు. తాత తెడ్డు వేస్తున్న పడవలో ఉంది. పడవ కెరటం ఎక్కుతోంది. పైన మబ్బుల్ని కట్టేసిన తాళ్ళు కిర్రుమంటున్నాయి. ఎవరో తెలియని భాషలో కిందికి కేక వేస్తున్నారు. ఇంతలో ఉలి ఒకచోట మొరాయించింది. భుజం బరువు వేసి నెట్టాడు. జారింది. చెక్కపొట్టు ఎర్రబడడం చూసి, పనస చేవ తగిలింది కాబోలు, ఎంత మంచి రంగు అనుకుని ఇంకాస్త తోశాడు. నొప్పి లేనిచోట నెత్తురు కూడా ఒక రంగు మాత్రమే.

అప్పుడే సంత నుంచి వచ్చిన కూర్మమ్మ గంప దించుతూ చూసింది.

“ఓలమ్మో! మావా, కాలు! కాలు సూడు!”

“ఏ కాలు?” అన్నాడు ఎల్లాజీ.

ఆరోగ్యకేంద్రంలో నర్సు శ్రావణి గాయం కడిగి కట్టు కట్టింది. ఉలి బొటనవేలి కింద కండలోకి దిగింది గాని ఎముకను తాకలేదు.

“తాతా, ఈపాలికి నీ వేలు బతికిపోయింది. మళ్ళీ అక్కడే తెగితే నేను కట్టు కట్టను, శ్రీకాకుళం పంపించేస్తాను. అక్కడ కట్టరు, తీసేస్తారు.”

“తెగినప్పుడు నాకు తెల్దమ్మా.”

“అందుకే గదా అరుస్తన్నాను. తెలిసే కాలైతే నాకెందుకీ గొంతు నొప్పి?”

ఇంటికి వచ్చాక కూర్మమ్మ ఓడను తీసుకుపోయి పొయ్యి పక్కన, కట్టెల మీద పెట్టింది. “ఇంకోపాలి ఆ కాలితో సెక్క పట్టినావంటే ఇది పొయ్యిలోకెళ్తాది,” అంది. కట్టెల గుట్ట మీద అది ఇసుకమేట ఎక్కి కదలలేని ఓడలా ఒరిగి ఉండిపోయింది.

గాయం మానడానికి చాలా వారాలు పట్టింది. ఆ వారాలన్నీ ఎల్లాజీ నులకమంచం మీద పడుకుని చప్పుళ్ళు విన్నాడు. బోట్లను ఒడ్డుకు లాగేవాళ్ళ హైలెస్సా, కొబ్బరాకుల మీద గాలి, ఎక్కడో ఇంజను దగ్గు. కళ్ళు మూసుకుంటే అవన్నీ తాత ఓడ మీదికి ఎక్కేవి. ఒక ఉదయం పెరటివైపు నుంచి వేరొక చప్పుడు వచ్చింది. తడిరాయి ఇనుము మీద సాగే చప్పుడు, ముందుకు, వెనక్కు. పుట్టిన నాటి నుంచి ఎరిగిన చప్పుడది. కట్టుకాలితో కుంటుతూ పెరట్లోకి వెళ్ళాడు.

కూర్మమ్మ తన కత్తిపీట అంచును నూరుతోంది. నూరుతున్నది అతని సానరాయితోనే. చేపలు తెచ్చిన ఆమె అన్న లక్ష్ముడు, బోర్లించిన గంప మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

“అదేటే, రాయికి కాపలా నేదన్నావు?”

కూర్మమ్మ తల ఎత్తలేదు. “కాపలా నాను కాదు, ఉప్పుకుండ.”

“మరి పీటెందుకు నూరుతన్నావు? మొండిదైతే తోలు దాటదు గదా.”

“మొండి పీట మీద సేపనొత్తితే జారిపోయి సెయ్యి తెగిపోదేటి? ఆ మాత్రం నీకు...”

ఆమె చెయ్యి ఆగిపోయింది.

లక్ష్ముడు చుట్ట నోట్లోంచి తీశాడు. “బాగున్నాదే సెల్లీ నీ నాయం! సేపకైతే పదును, మొగుడికైతే మొండిదీనా? నువ్వు సేపై పుట్టాల్సింది బావా.”

“నోర్ముయ్యన్నా,” అంది కూర్మమ్మ. కాని చూపు పీట అంచు మీదనే ఉంది. నెమ్మదిగా అంది: “సరే, పదును తప్పు కాదనుకుందాం. నా పీట కదల్దు మావా. సేపని నానే అంచుకాడికి తెస్తాను. అంచెక్కడున్నాదో కళ్ళు మూసుకున్నా తెలుస్తాది. నీ ఉలి కదుల్తాది, కింద కాలూ కదుల్తాది. మరేది నిలబడతాది?”

“నా కాలు కదల్దు. మా నాన్న కాలు కదల్నేదు.”

“మీ నాన్న కాలికి సీమ కుడితే తెలిసీది.”

కొంతకాలంగా ఎల్లాజీ పాదం చెక్కను పట్టుకోవడం లేదు. పట్టుకున్న నాటి జ్ఞాపకం పట్టుకుంటోంది. మన పట్టుదలల్లో చాలా భాగం ఇటువంటివే. స్పర్శ పోయిన తరువాత కూడా బిగువు మిగులుతుంది. ఆ బిగువునే మనం నేర్పు అని పిలుచుకుంటాము. జ్ఞాపకం చెక్కను పట్టగలదేమో గాని, ఉలి వచ్చినప్పుడు పక్కకు తప్పుకోలేదు.

కూర్మమ్మ రాయిని నీళ్ళతో కడిగి అతని చేతిలో పెట్టింది.

“ఇదిగో నీ రాయి. కాలు మాత్రం నాకియ్యి.”

అతను వెంటనే ఒప్పుకోలేదు. కాలితో పట్టడం మానాలంటే నేల విడిచి బల్ల దగ్గర కూర్చోవాలి; నేల విడవడమంటే అతనికి ఒడ్డు విడవడం. బల్ల దగ్గర కూర్చుని పనిచేసేవాళ్ళు తలుపులు, మంచాలు చేస్తారు; పడవ చేసేవాడు ఇసుకలో కూర్చుంటాడు. బల్లెక్కితే తాత మాట తనకు వినిపించదేమోనని లోలోపల ఒక దిగులు. ఓడ కట్టెల మీదే ఉంది. రోజూ దాన్ని చూశాడు. చివరికి కట్టు విప్పిన మరునాడు లక్ష్ముడి బండి వెనక కూర్చుని శ్రీకాకుళంలో పనిముట్ల కొట్టుకు వెళ్ళాడు.

లక్ష్ముడికి కరెంటు మిషను మీద మోజు. ఫోనులో వీడియోలు చూసి ఉన్నాడు. “ఇది సూడు బావా! సన్నటి పళ్ళచక్రం. నొక్కితే సాలు, ఎన్నలా కోసెస్తాది. నీ ఓడ సంకురాత్రికి కాదు, సోమారానికే అయిపోద్ది.”

“తిరుగుతుంటే దాని అంచు కనపడదు బావా. తగిలితే నాకు తెల్దు. అంచు కనపడక, దెబ్బ తెలీక, మరి ఆపీవోడెవడు?”

మిషను తప్పని ఎల్లాజీ అనలేదు. తెలిసే వేళ్ళున్నవాడికి అది మంచిదే కావచ్చు. కొట్టువాడు పెట్టె తెరిచి మెరిసే ఉలుల వరుస చూపించాడు. పూర్వమైతే ఎల్లాజీ పదునును బొటనవేలితో చూసేవాడు. ఇప్పుడు వేళ్ళ కొసలను కూడా అతను నమ్మడం లేదు. ఒక్కొక్క ఉలిని గుమ్మం దగ్గరికి తెచ్చి, అంచును వెలుగుకు ఎదురుగా పట్టి చూశాడు. పదునైన అంచు కంటికి కనిపించదు. మొద్దుబారినచోటే సన్నని తెల్లగీతలా వెలుగు నిలుస్తుంది. పిడిని కుదిపి చూశాడు. వదులుగా ఉన్నవాటిని పక్కన పెట్టాడు.

“బావా, పెళ్ళిసూపుల్లో కూడా ఇంతసేపు సూణ్ణేదు నువ్వు,” అన్నాడు లక్ష్ముడు.

“అప్పుడు సరిగ్గా సూసుంటే, రాయి దాసీ మనిసని తెలిసీది,” అన్నాడు ఎల్లాజీ. కొట్టువాడికి అర్థం కాకపోయినా నవ్వాడు.

ఎల్లాజీ ఎంచుకున్నది ఇది. మిషను కొనలేదు, ఉలుల పెట్టె కొనలేదు. సన్నని ఉలి ఒకటి, ఒంపులు కోసే సన్నరంపం, ఆకురాయి, చెక్కను బిగించి పట్టే చిన్న ఇనుప వైసు కొన్నాడు. చూరు కింద బల్ల వేసి, దాని అంచుకు వైసు బిగించాడు. చెక్కను ఇప్పుడు వైసు పడుతుంది. ఎల్లాజీ రెండు చేతులూ ఉలి అంచుకు వెనకే ఉంటాయి, అంచు మనిషికి ఎదురు తిరగదు. పని మొదలుపెట్టే ముందు ఉలిని నూరి వెలుగుకు పట్టి చూస్తాడు. గరుకు కాగితం పట్టేటప్పుడు ముక్కుకు తువ్వాలు కట్టుకుంటాడు. కాళ్ళకు ముందుభాగం మూసిన బూట్లు తొడుగుతాడు. తొడిగే ముందు కూర్మమ్మ వాటిలో చెయ్యి పెట్టి రాయీ రప్పా లేవని చూస్తుంది, సాయంత్రం అరికాళ్ళు చూస్తుంది. పడవ పలకలు చెక్కడానికి తండ్రి వాడిన బాడిసకు నూనె రాసి దూలానికి తగిలించాడు. తాత పడవ మనసులోకి వచ్చినప్పుడు ఉలిని బల్ల మీద పెట్టేసి, అది కెరటం దాటి వెళ్ళేదాకా సముద్రంకేసి చూస్తూ కూర్చుంటాడు. వెళ్ళాక మళ్ళీ ఉలి అందుకుంటాడు. ఓడ కట్టెల మీద నుంచి బల్ల మీదికి వచ్చింది. దాని ముక్కు ఇంకా బరువుగానే ఉంది. నెత్తురు పడిన బద్దను తీసేసి, వేరొకటి వేశాడు.