ఆరింటి షో

నాలుగేళ్లుగా ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర నోరు పెగలడం లేదు.

వరంగల్ బజారులో నాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. మా వీధి చివర ఒక సంగీతం టీచరమ్మ ఉండేది. పిల్లలకు పాటలు నేర్పేది, ఆదివారాలు చర్చిలో పాడేది. నాలుగేళ్ల కింద హనుమకొండలో ఒక హాలు తీసుకుని, సొంతంగా పాత పాటల లైవ్ షో పెట్టింది. టికెట్లు పట్టుకుని దుకాణానికి వచ్చి, "అన్నా, బజార్ల మీ మాట నడుస్తది, జర చెప్పుండ్రి" అంది. చెప్పాను. నా మొహం చూసి చాలామంది కొన్నారు. పోదామని కాదు, మొహమాటానికి.

మా ఆవిడకు పాటలంటే ప్రాణం. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి ఒక్క షోకూ పోలేదు. వారం ముందే చీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. ఎన్నింటికని అడిగితే, సాయంత్రమని ఊరుకున్నాను. టికెట్లు నా జేబులోనే ఉన్నాయి.

ఆ సాయంత్రమే పెళ్లి సామాను బేరం తగిలింది. బిందెలు, గంగాళాలు అన్నీ దింపించి చూస్తున్నారు. వదిలి ఎట్లా పోను? ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "షో ఎనిమిదింటికట, ఆగు" అన్నాను. అంతే, ఆ ఒక్క ముక్క. ఎందుకన్నాను? పార్టీ వచ్చింది, నువ్వు ముందు ఆటోలో పో అని చెప్పొచ్చు కదా? చెబితే అలుగుతుందని. ఎప్పుడు చూసినా దుకాణమే అంటుందని. తను అనేది నిజం కాబట్టే నాకు మంట.

మేం చేరేసరికి ఎనిమిది దాటింది. మా ఆవిడ ఆటో దిగి కుచ్చిళ్లు సర్దుకుంటుంటే నేను ముందు గేటు దగ్గరికి నడిచాను. లోపల వేరేవాళ్ల పాట నడుస్తోంది, గేటులో టీచరమ్మే నిలబడి ఉంది.

"గిప్పుడా అన్నా వచ్చేది? ఆరింటి సంది మీ కోసం చూస్తున్న. ఇగ మూడే పాటలున్నయి, వదినను జల్ది తోలుకరాండ్రి" అంది.

మూడు పాటలు విన్నాం. మధ్యలో మైకు రెండుసార్లు కీచుమంది. తర్వాత దండలు, వందన సమర్పణ. మా ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. "గింతేనా? దీనికేనా?" అంది. కళ్లలో నీళ్లు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉంటుందా? నేనేమన్నానో తెలుసా? "మోసం చేసిన్రు, పా, అడుగుదాం" అన్నాను. ఛీ, ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్లు మండుతోంది.

జనం పోయేదాకా ఆగి, గేటు దగ్గర టీచరమ్మను నిలబెట్టాను. పక్కన మా ఆవిడ.

"ఏం షో అమ్మా ఇది? మూడు పాటలకు గిన్ని పైసలా? వాపస్ ఇయ్యి."

"అన్నా, మీరు..." అని టీచరమ్మ ఆగిపోయింది. మా ఆవిడ వైపు చూసింది. ఇస్త్రీ చీర, జడలో మల్లెపూలు, ఏడ్చిన కళ్లు. టీచరమ్మకు అంతా అర్థమైపోయింది. అర్థమవడం నేను కళ్లారా చూశాను. "తప్పయింది వదినా, ఏమనుకోకుండ్రి" అని మా ఆవిడతో చెప్పి, సంచిలోంచి రెండు టికెట్ల పైసలు తీసి నా చేతిలో పెట్టింది.

అప్పుడే కుండబద్దలు కొట్టాల్సింది కదా! నా మొహం మీదే, 'నువ్వు వచ్చిందే ఎనిమిది దాటినంక' అని అనాల్సింది కదా! ఎందుకు ఊరుకుంది? నాకు ఆమె మీద కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి కోపమేమిటని మీరడుగుతారు. నేనూ అదే అడుగుతున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా ఆవిడ నా భుజానికి తల ఆనించి, "మంచిగ అడిగిన్రు" అంది. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

మరునాడు పొద్దున మా బజారు వాట్సాప్ గ్రూపులో షో ఎట్లుందని ఎవరో అడిగారు. "మేం విన్నది మూడే పాటలు, అయిపోయింది. అడిగితే పైసలు వాపస్ ఇచ్చిన్రు" అని పెట్టాను. చూడండి, అందులో ఒక్క అబద్ధం లేదు. మేం విన్నది మూడే, టీచరమ్మ ఇచ్చిందీ నిజమే. ఎంత తెలివి నాది! తెలిసే రాశాను. ఆమె ఎప్పుడైనా నోరు విప్పితే ఎవరూ నమ్మకూడదని రాశాను.

పోయి చూసినవాళ్లు ఒకరిద్దరు "బాగనే ఉండె గద" అన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ హాలు గడప తొక్కనివాళ్లంతా టికెట్లు వెతుక్కుని ఆమె ఇంటికి పోయారు. తప్పు లేకపోతే నాకెందుకు వాపస్ ఇచ్చిందని వాళ్ల వాదన. నా పరువు కాపాడడానికి ఆమె చేసిన పనే ఆమె మీద సాక్ష్యమైంది. అందరికీ ఇచ్చేసింది. ఆ తర్వాత బజారు పిల్లలు ఒక్కొక్కరే పాటల క్లాసు మానేశారు. వీధి చివరి గదికి తాళం పడింది. ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఏదో బడికి రోజూ పోయి వస్తోందట. మళ్లీ ఏ షో పెట్టలేదు.

మా ఆవిడకు మాత్రం ఇది నా పౌరుషం కథ. చుట్టాలు వస్తే చాలు, "మా ఆయన ఊకుంటడా? నిలబెట్టి వాపస్ తీసుకున్నడు" అని మొదలుపెడుతుంది. ఇన్నేళ్ల కాపురంలో నా గురించి గొప్పగా చెప్పుకునేది ఈ ఒక్కటే. ఏం చేయను? తల దించుకుని చాయ్ తాగుతాను.

పోయిన నెల హనుమకొండ బస్టాండులో టీచరమ్మ ఎదురుపడింది. "వదినా, మంచిగున్నరా?" అని నవ్వింది. మా ఆవిడ మొహం తిప్పుకుంది. టీచరమ్మ ఒకసారి నా వైపు చూసి, తన బస్సు ఎక్కింది. అప్పుడూ చెప్పలేదు. ఇన్నాళ్లూ నేను ఎదురుచూసింది అందుకేనని ఆ రోజు తెలిసింది. ఆమె చెప్పేస్తే నాకు ఆ పని తప్పుతుందని. ఆమె చెప్పదు. అది నేను చెప్పాల్సిన మాట.

క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీరెవరు? టీచరమ్మ గడప ఎక్కే మొహం నాకు ఇంకా రాలేదు. మా ఆవిడ ఎదురుగా కూర్చుంటే రేపు మళ్లీ నోరు పడిపోతుందేమో, మాటివ్వలేను. కానీ నాలుగేళ్లలో ఎక్కడా అనని మాట ఒకటుంది. అది మాత్రం ఇక్కడ రాసేస్తున్నాను.

ఆ రోజు షో ఆరింటికే మొదలైంది. టికెట్టు మీద రాసిన టైముకే. బాగుందట కూడా.