వదిన ఊరుకున్న రోజు

మా వదిన వార్డుల్లోనే తల నెరిసిన నర్సు. ఎదుటి మనిషి మాట పెదవి దాటకముందే అందుకుని తనే పూర్తి చేసేస్తుంది. పెళ్లయిన నాటి నుంచీ మా అన్నయ్య ఏ మాటా చివరిదాకా చెప్పిన పాపాన పోలేదు. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమనే రకమని నేను ఏడిపించేదాన్ని. చివరికి ఆ అలవాటే ఆవిడ కొంప ముంచింది.

వదిన నర్స్ ప్రాక్టీషనర్ చదువులో చేరింది. రోగిని సొంతంగా పరీక్షించి, సంరక్షణ ఎలా సాగాలో ప్రణాళిక వేసే పెద్ద చదువు అది. చివరి పరీక్షకు నిజమైన రోగినే కూర్చోబెట్టారు. ఆమె "కడుపులో..." అనగానే వదిన "మంట కదూ, తిన్నాక కదూ" అంది. పాపం, ఆమె మొహమాటానికి తలూపింది. అసలు తిండే సయించడం లేదని చెప్పబోయిందట. వదిన పరీక్ష తప్పింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం. అదీ పోతే చదువే పోయినట్టు.

వంటగదిలో గోడకు జారబడి ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది.

"ఏడిస్తే నోరు మూతపడదు వదినా. లే, నేనే రోగిని."

అప్పటినుంచి ఇంటిల్లిపాదీ రోగులమే. వదిన మధ్యలో అందుకుంటే నేను గరిటెతో గిన్నె మీద కొట్టేదాన్ని. అమ్మ తన మోకాళ్ల నొప్పి మొత్తం చెప్పుకుని కళ్లొత్తుకుంది.

"ఇన్నాళ్లకి నా మాట పూర్తిగా విన్నావే అమ్మాయ్."

ఆ తర్వాత అమ్మను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

రెండోసారి వదినకు దక్కిన రోగి ఓ బస్సు డ్రైవరు. గుండె జబ్బు, కాళ్ల వాపు, ఆయాసం. ఒంట్లో నీరు తీసే మాత్ర సరిగ్గా వేసుకోడని ముందే చెప్పారు.

"వేసుకుంటానమ్మా, కానీ..." అని ఆగాడాయన.

'మర్చిపోతారు కదూ' అన్న మాట వదిన నాలుక చివరిదాకా వచ్చిందట. గిన్నె మోత చెవిలో వినిపించి మింగేసింది. కాసేపటికి ఆయనే తలొంచుకుని నోరు విప్పాడు.

"పొద్దున్నే అది వేసుకుంటే మాటిమాటికీ దిగాలి. బస్సు నిండా జనం, ఎక్కడని ఆపనమ్మా?"

వదిన గుండె, ఊపిరితిత్తులు విని, కాళ్ల వాపు నొక్కి చూసి, బరువు తూచింది. డాక్టరుతో మాట్లాడి మాత్రను డ్యూటీ దిగాక వేసుకునేలా మార్చడం, రోజూ బరువు చూసుకోవడం, ఆయాసం పెరిగితే వెంటనే రావడం అని ప్రణాళిక వేసింది.

"మానకుండా వేసుకోమని గట్టిగా చెబితే సరిపోదా?" అని పరీక్షకురాలు అడిగింది.

"అందరూ గట్టిగానే చెప్పారు మేడం. ఎందుకు మానేశారో ఎవరూ అడగలేదు."

సాయంత్రం ఫలితం తెలుసుకుని వదిన ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది. మొహం చూస్తే ఏమీ అంతుపట్టలేదు.

"వదినా, పా..." అని ఆగిపోయాను.

ఎప్పటిలా అందుకుంటుందనుకున్నాను. అందుకోలేదు. చెప్పులు కూడా విప్పకుండా, నా మాట పూర్తయ్యేదాకా నన్నే చూస్తూ నిలబడింది.

"పాసయ్యావా?"

"అయ్యాను" అంది వదిన.

అమ్మ లోపల్నుంచి గరిటె, గిన్నె తెచ్చి ఈసారి సంబరంగా వాయించింది.