సరి, చెప్పుమా

మా టీమ్ లీడ్‌ని అందరం అక్కా అని పిలిచేవాళ్ళం. పెరంబూరులో తమిళుల మధ్య తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం ఆమెది. ఎంత పనిలో ఉన్నా, ఎవరైనా పక్కన వచ్చి నిలబడితే కీబోర్డు మీది నుంచి చేతులు తీసేసి, "సరి, చెప్పుమా" అనేది.

ఒక ఆస్పత్రి కోసం రాసిన ప్రోగ్రామ్‌ను అప్పగించాల్సిన రోజున, ఆగమంటే అది ఆగలేదు. బలవంతంగా ఆపేస్తే రోగుల వివరాలు సగమే నమోదవుతున్నాయి. ఆ భాగం రాసింది నేనే. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆమె దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, ఆగమని చెప్తూనే ఉన్నాను, వినట్లేదు."

"ఎట్ల వింటాది? అది ఆడ సాకెట్ కాడ, అవతలి కంప్యూటర్ పంపే డేటా కోసం కాచుకోనుండాది. దాన్ని చంపొద్దుమా. ప్రోగ్రామ్‌లోనే దాని పక్కన నడిచే ఇంకో థ్రెడ్ నుంచి ఆ కనెక్షన్ షట్‌డౌన్ చెయ్. ఇంక డేటా రాదని తెలిసి లేస్తాది, మిగతాది అదే సర్దుకుంటాది."

అలాగే చేశాను. ప్రోగ్రామ్ మిగిలిన వివరాలన్నీ రాసుకుని నెమ్మదిగా ఆగింది. మేనేజర్ వచ్చి ఎవరు సరిచేశారని అడిగితే, ఆమె నావైపు చూపించి, "ఈ పాపే" అంది.

తనను ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ఆ ఉదయమే ఆమెకు చెప్పారని మరునాడు గానీ మాకు తెలియలేదు.