స్పేస్ బార్ కింద కుంకుమ

మీ ఇంట్లో పిల్ల కంప్యూటరు మీద ఆట ఆడితే చదువు పాడైందని గోల పెడతారు. అదే పిల్ల టీవీకి తగిలించిన గేము డబ్బాతో ఆడితే చుట్టాలని పిలిచి మరీ చూపిస్తారు. ఎందుకండీ?

1986లో నన్ను రాజోలు వైపు ఒక ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుగా వేశారు. హెడ్మాస్టరుకి కింద, సెకండరీ గ్రేడు వాళ్ళకి పైన. అంటే ఇద్దరి తిట్లూ అందే ఎత్తు. సైన్సు పాఠాలతో పాటు, ప్రభుత్వం పంపిన ఒకే ఒక్క కంప్యూటరు బాధ్యత కూడా నాదే. దానికి తెర మామూలు టీవీ. ప్రోగ్రాం అంటే యంత్రానికి వరస నంబర్లు వేసి ఇచ్చే ఆజ్ఞలు. వాటిని టేపు రికార్డరులో క్యాసెట్టు మీద దాచుకొనేవాళ్ళం.

తొమ్మిదో తరగతి ఎస్తేరు రాణి ఆ ఆజ్ఞలతో సొంతంగా ఒక ఆట రాసింది. వరద గోదావరిలో జనాన్ని దాటించే పంటు పడవ అవతలి రేవుకి చేరాలి. కొట్టుకొచ్చే దుంగలు తగలకూడదు. స్పేస్ బార్, అంటే మీటలన్నిటికీ కింద ఉండే పొడుగాటి మీట, నొక్కితే పంటు పక్కకి తప్పుకుంటుంది.

దసరాకి హెడ్మాస్టరు సూర్యనారాయణ గారు ఆయుధపూజ చేయించారు. గడ్డపారకీ గ్లోబుకీ పెట్టినట్టే కంప్యూటరు మీటలకీ పసుపు రాసి కుంకుమ పెట్టారు. యంత్రం ఎంత కొత్తదైతే బొట్టు అంత పెద్దదిగా ఉండాలని వారి సిద్ధాంతం. సెలవులయ్యాక స్పేస్ బార్ దిగడం మానేసింది. దాన్ని ఎస్తేరు గట్టిగా నొక్కుతుండగా వారు చూశారు. విచారణ అక్కడితో ముగిసింది.

"ఆటలాడి విరగ్గొట్టేసిందండి. ఇక గదిలోకి రానివ్వకండి" అన్నారు.

ఆ గది తలుపు మూస్తే ఆ పిల్లకి కంప్యూటరు చదువు అక్కడితో సరి. ఊళ్ళో ఇంకెక్కడా అలాంటి యంత్రం లేదు.

నేను ఒప్పుకోకపోవడంతో తగువు పాఠశాల కమిటీ అధ్యక్షులు సత్తిబాబు గారి దాకా వెళ్ళింది. వారి బావమరిది దుబాయ్ నుంచి టీవీ గేము తెచ్చాడు. అందువల్ల ఈ శాస్త్రంలో వారు పండితులు.

"ఆటకి అదుందండి, చదువుకి ఇదుంది. రెండూ కలపకూడదు. మా టీవీ గేము చూడండి, పిల్లలు పొద్దస్తమానం బాదేస్తున్నా చెక్కుచెదర్లేదు."

"దానికి పూజ చేయించేరా అండీ?"

"టీవీ గేముకి పూజేంటండీ మేస్టారూ! ఆటసామాను కదా."

"అందుకే బతికిందండి."

వారిద్దరి ఎదుటే స్క్రూ డ్రైవరుతో మీట పైకి లేపాను. ఎండిన పసుపు పెచ్చులు, వాటి వెనక కుంకుమ, హెడ్మాస్టరు గారి తెల్ల పంచె మీద రాలాయి.

"పసుపు వల్ల కీడు జరగదండి" అన్నారాయన, పంచె దులుపుకుంటూ.

మీట శుభ్రం చేసి బిగించాను. ఎస్తేరుని పిలిపించి ఆట పెట్టించాను. నిజానిజాలు తేల్చడానికని సత్తిబాబు గారు కూర్చుని వరసపెట్టి పంట్లు ముంచారు.

"దుంగలు మరీ జోరుగా వస్తున్నాయమ్మా!"

ఎస్తేరు ప్రోగ్రాంలో ఒక వరసలో అంకె మార్చింది. దుంగలు నెమ్మదించాయి.

"ఇలా మార్చడం మా దాంట్లో కుదరదే!"

"ఇది నేనే రాసేను కదండీ" అంది.

టీవీ గేము పెళ్ళి భోజనం లాంటిది, వడ్డించింది తిని లేవాలి. కంప్యూటరు వంటిల్లు, ఉప్పు ఎంతో వండేవాళ్ళ ఇష్టం అని నేను విడమరిచి చెప్పాను. హెడ్మాస్టరు గారు కరగలేదు. ఆట ఆటేనన్నారు. అయితే ఆ నిషేధం కారణంతో సహా రాసి ఇమ్మన్నాను.

వారు కలం తీశారు. "విరగ్గొట్టింది" అని రాద్దామంటే పంచె మీద కుంకుమ మరక. "ఆట ఆడింది" అని రాద్దామంటే పక్కనే అధ్యక్షులవారు మరో పంటు ముంచుతున్నారు. కాసేపటికి కలానికి మూత పెట్టారు.

"ఆయ్, రేపట్నించి రమ్మనండి మేస్టారూ."

మరుసటి దసరాకి బొట్టు టీవీ అద్దానికి మారింది. సంస్కరణ మెల్లగానే వస్తుంది.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది: నోటిమాటగా పెట్టే నిషేధానికి కారణం అక్కర్లేదు, కాగితం మీదకి రావాలంటే కావాలి. చాలామంది దగ్గర అది ఉండదు. మీ ఊరి బడిలో ఏ పిల్లనైనా కంప్యూటరు దగ్గరికి రానివ్వడం లేదా? రేపే వెళ్ళండి. కారణం రాసి సంతకం పెట్టమనండి. పెట్టేదాకా కుర్చీలోంచి లేవకండి.