పై పోర్షన్ చూపించింది ఎవరు?

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. భూపాలపల్లిలో ఏళ్ల తరబడి కిరాణా దుకాణం నడుపుతున్నవాణ్ణి, కంటికి కనిపించని సరుకును తూకం వేయడం నాకు చేతకాదు. ఎవర్నో నమ్మించాలని ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తే నా మనసు కొంచెం తేలికపడుతుందని రాస్తున్నాను.

ముందు దుకాణం, వెనక మేముండే ఇల్లు, పైన కిరాయికిచ్చే పోర్షన్. చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసేవాళ్లు, బొగ్గు గనులవాళ్లు వస్తూ పోతూ ఉంటారు. ఎవరికివ్వాలో తేల్చే పని నా భార్య సుగుణది. కాగితాలు చూసేది కాదు. వచ్చిన ఆడమనిషిని వంటింట్లోకి తీసుకెళ్లి ఏదో ఒక్క మాట అడిగేది. బయటికొచ్చి నా వైపు చూసి తల ఊపితే సరే, ఊపకపోతే లేదు. ఏం అడిగావంటే, "నీకెందుకు? నీ దుకాణం నువ్వు చూస్కో" అనేది. ఆమె ఒప్పుకున్నవాళ్లలో ఒక్కరూ మమ్మల్ని సతాయించలేదు.

మూడేళ్ల కిందట ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, నడక పోయింది. వెనకగదిలో మంచం మీద పడుకుని పొద్దంతా పైకప్పునే చూసేది. జావ తప్ప ఇంకేమీ పెట్టలేకపోయేవాణ్ణి, అదీ సగం పెదవి పక్కనుంచి కారిపోయేది.

అప్పటినుంచి ఆ పని నా మీద పడింది. ఆధార్ జిరాక్సు, డ్యూటీ కార్డు, పోలీస్ స్టేషన్‌లో వివరాలు, పాత ఓనరుకు ఫోను. అన్నీ పక్కాగా చూసి జనగామ నుంచి వచ్చిన ఒకతనికిచ్చాను. పాత ఓనరనుకుని నేను మాట్లాడింది అతని బావమరిదితోనట. తాగి గొడవలు చేసి, కిటికీ అద్దాలు పగలగొట్టి పోయాడు. ఆ దెబ్బతో ఐదు నెలలు పై పోర్షన్‌కు తాళం వేసే ఉంచాను.

అప్పుడు స్వరూప ఫోన్ చేసింది. నర్సు, మహబూబాబాద్ నుంచి ఇక్కడి దవాఖానకు బదిలీ అయింది. భర్త పోయాడు, ఆరేళ్ల పాప ఉంది. బళ్లు తెరిచేలోపు ఇల్లు కావాలి. ఒంటరి ఆడదని అప్పటికే నలుగురు కాదన్నారు. నిజం చెప్తున్నాను, నేనూ కాదనే అనుకున్నాను. ఫోన్లో ఆ మాట అనలేక, పదకొండింటికి వచ్చి చూసుకొమ్మన్నాను.

ఆ రోజు ముసురు. గిరాకీ లేదు. సన్నటి తుంపరలో వీధంతా తెల్లగా మసకబారి, బొగ్గు లారీలు కూడా చప్పుడు లేకుండా పోతున్నట్టు ఉంది. గల్లా దగ్గర కూర్చున్న నాకు కునుకు పట్టిందో లేదో తెలియదు. తల ఎత్తేసరికి ఒకామె గొడుగు పట్టుకుని పక్కసందులోని మెట్లు దిగి వస్తోంది. నేనే స్వరూపనని చెప్పింది.

"ఇల్లు మంచిగున్నది సార్. అమ్మ మొత్తం చూపెట్టింది."

"ఏ అమ్మ?"

"గామెనే, పసుపు నైటీ మీద తువ్వాల కప్పుకున్నామె. బాత్రూం గొళ్లెం జర పైకెత్తి వెయ్యాల్నని గూడ చెప్పింది."

తాళంచెవి నా మొలతాడుకే ఉంది. మెట్లెక్కి చూశాను, వేసిన తాళం వేసినట్టే ఉంది. తీసి లోపలికి వెళ్లాను. నేలంతా ఐదు నెలల దుమ్ము, ఎక్కడా ఒక్క అడుగు జాడ లేదు. బాత్రూం గొళ్లెం వేయబోతే పడలేదు. పైకెత్తితే పడింది. ఇల్లు కట్టించిన నాకే ఆ సంగతి తెలియదు.

కిందికొచ్చి స్వరూపను వెనకగదిలోకి తీసుకెళ్లాను. సుగుణ ఎప్పటిలాగే పడుకుని ఉంది, పొద్దున నేను తొడిగిన పసుపు నైటీలో, నేను కప్పిన తువ్వాలతో. స్వరూప గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈమెనే. ఇప్పుడే గద సార్ నాతోని నడిచింది?"

సుగుణ పైకప్పును వదిలి ఆమెనే చూస్తోంది. నేను స్వరూప వైపు తిరిగాను.

"నిన్ను ఏమన్న అడిగిందా బిడ్డా?"

"ఒక్కటే అడిగింది సార్. ఇన్నాళ్లు ఉన్న ఇంట్ల ఓనరవ్వకు ఏం కూర ఇష్టమని. చింతచిగురు పప్పని చెప్పిన."

సుగుణ నాకు ఏనాడూ చెప్పని ప్రశ్న అది. అయినా నా అనుమానపు బుద్ధి ఊరుకోలేదు. స్వరూప దగ్గర ఆ ఓనరవ్వ నంబరు తీసుకుని మహబూబాబాద్‌కు ఫోన్ కలిపాను.

"అవ్వా, నీకు ఏ కూరంటే పానం?" అన్నాను.

అవతల ముసలామె నవ్వింది. "చింతచిగురు పప్పు. మా స్వరూప చెప్పిందా? ఎండకాలమంత అదే వండి పెట్టింది. దానికి ఇల్లియ్యి నాయినా, మస్తు పరేషాన్ల ఉన్నది."

మొలతాడు నుంచి తాళంచెవి విప్పి స్వరూప చేతిలో పెట్టాను. తీసుకుని ఆమె సుగుణ వైపు చూసింది.

"నేను గూడ అడిగిన సార్, నీకేం ఇష్టమమ్మా అని. మక్కగటకల చల్ల పోస్కొని తినుడు ఇష్టమన్నది."

మా ఇంట్లో మొక్కజొన్న రవ్వతో చేసే ఆ గటక ఎన్నడూ వండలేదు. మేము వ్యాపారస్తులం, గటక తింటామంటే మా అమ్మకు నామోషీగా ఉండేది. సుగుణ పుట్టిల్లు తరిగొప్పుల, చుట్టుపక్కలంతా వ్యవసాయం చేసేవాళ్లే. చిన్నప్పుడు ఎవరింట్లో తిన్నదో ఏమో. ముప్పై రెండేళ్లు మాకు ఇష్టమైనవి వండి, మిగిలింది తిని లేచింది.

పాలు పొంగించిన రోజునే స్వరూప గటక వండి, పలుచగా చల్ల కలిపి కిందికి తెచ్చింది. నేనే చెంచాతో పెట్టాను. మొదటిది మింగింది. రెండోది అందించకముందే తనే నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఒక్క చుక్క కారలేదు. నేను దుకాణంలోకి వచ్చి బియ్యం బస్తాల వెనక నిలబడి ఏడ్చాను.

ఇది జరిగి ఏడాది దాటింది. సుగుణకు మాట రాలేదు, మంచం దిగలేదు. కదల్లేని మనిషి ఆ పొద్దు తాళం వేసిన ఇంట్లో ఎట్లా తిరిగిందని డాక్టరును అడిగితే ఆయన నన్నే వింతగా చూశాడు. నాకూ తెలియదు. తెలియకుండానే పోతుందేమో, పోనీ. ఇల్లు చూడటానికి వచ్చిన కొత్త మనిషి గంటలోపే ఆమెను అడిగిన మాట, ముప్పై రెండేళ్లలో నేను ఒక్కసారైనా ఎందుకు అడగలేదు? నాకు అంతుపట్టనిది అసలు అది.