బస్సులో పేలిన సాక్ష్యం

ఎనభైల్లో మేం ఉద్యోగాల్లో చేరేనాటికి 'పర్యావరణం' అన్న మాట జనానికి ఇంకా నోరు తిరిగేది కాదు. లా చదివిన నాకు కాలుష్యాన్ని అరికట్టే సర్కారు ఆఫీసులో ఉద్యోగం వస్తే, మా అమ్మ ఇరుగుపొరుగు వాళ్ళకి "మావాడు మురుక్కాలవల లాయరండీ" అని చెప్పుకుని మురిసిపోయేది. నేను మాత్రం దేశంలోని నదులన్నీ నాకోసమే ఎదురుచూస్తున్నాయని నమ్మేవాణ్ణి. (ఇరవై నాలుగేళ్ళ వయసులో అలాంటి నమ్మకాలకి మందు లేదు.) ఆ తర్వాత సచివాలయంలో ఫైళ్ళు తిరగేశాను, యూనివర్సిటీలో పాఠాలు చెప్పాను, పేరు ముందు ప్రొఫెసరని కూడా చేర్చుకున్నాను గానీ, నా మొట్టమొదటి కేసు సంగతి ఏ బయోడేటాలోనూ రాయలేదు.

ఆ కేసు ఒక పోస్టుకార్డుతో మొదలైంది. నూజివీడు ఊరిబయట మామిడిరసం తీసే ఫ్యాక్టరీ ఒకటి, టెంకలూ తొక్కలూ కడిగిన నీళ్ళని పక్కనున్న కూలీల వాడ వైపు వదిలేస్తోందనీ, ఆ నీరు ఇంకి వాళ్ళ మంచినీళ్ళ బావి కంపు కొడుతోందనీ బుట్టలత్త అనే ఆవిడ ఎవరిచేతో రాయించి పంపింది. ఆ ఫ్యాక్టరీలోనే కాయల బుట్టలు మోసే ఆడవాళ్ళకి ఆవిడ పెద్దదిక్కు. నమూనా తీయాల్సిన మా ఇంజనీరుగారు టైఫాయిడ్‌తో మంచాన పడ్డారు. "నువ్వే వెళ్ళవయ్యా, సీసాలో నీళ్ళు పట్టడానికి ఇంజనీరింగ్ చదవాలా ఏంటి?" అన్నారు మా పైఆఫీసరు.

ఫ్యాక్టరీ షావుకారు నన్ను గుమ్మం దగ్గరే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. "ఎండన పడి వచ్చారు, ముందు రసం పుచ్చుకోండి" అన్నాడు. "నేను తనిఖీకి వచ్చానండీ" అన్నాను, గొంతు వీలైనంత బరువుగా పెట్టి. "తనిఖీ ఎక్కడికి పోతుందండీ? రసమైతే వేడెక్కిపోద్ది!" ఆపైన ఓ మామిడికాయల గుట్ట చూపించి, "ఇవన్నీ కలెక్టర్లండీ. రోజూ లారీలకి లారీలు పిండేస్తున్నాం" అన్నాడు గర్వంగా. (మూతి వంకర తిరిగిన ఓ రకం మామిడికాయని అక్కడ కలెక్టరు కాయ అంటారని నాకప్పటికి తెలియదు. కలెక్టర్లకే ఆ గతి పడితే నాబోటివాడి సంగతేంటని గుటక వేశాను.) మూడు గ్లాసుల రసం తాగాక చట్టం గుర్తొచ్చింది. ఆయన ఎదుటే కాలవలో నీళ్ళు రెండు సీసాల నిండా పట్టి, బిరడాలు బిగించి, లక్క కరిగించి సీలు వేశాను. గాలి లోపలికి చొరబడకూడదని అంత మందాన పోశాను గానీ, గాలి బయటికి రావాల్సిన అవసరం పడొచ్చని నా బుర్రకి తట్టలేదు. సీసాలు ఐసులో పెట్టాలన్న విషయం నేను చదివిన చట్టంలో లేదు మరి.

మే నెల, మిట్టమధ్యాహ్నం, బెజవాడ బస్సు. చేతిసంచిలో సీసాలు, ఒళ్ళో సంచి. ఆగిరిపల్లి దాటీ దాటగానే ఒళ్ళో ఏదో కదిలినట్టయింది, ఆ వెంటనే 'ఠప్'మని చప్పుడు. బిరడా బస్సు కప్పుకి తగిలింది, పులిసిన నీళ్ళు నా పక్కనున్న పెద్దాయన ఇస్త్రీ పంచె మీద పడ్డాయి. "పెళ్ళికెళ్తున్నానయ్యా!" అని ఆయన లబోదిబోమన్నాడు. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, "చదువుకున్నోళ్ళలా ఉన్నారు, బస్సులో కల్లు ఎక్కించకూడదని తెలీదేంటండీ?" అన్నాడు. "కల్లు కాదండీ, అది సాక్ష్యం!" అని అరిచాను. "సాక్ష్యం ఇంత కంపు కొడద్దేంటండీ?" అని వెనక నుంచి ఎవరో ఆడమనిషి అడుగుతుండగానే రెండోది పేలింది. "హోల్డాన్!" అని బస్సు ఆపించాడు కండక్టరు. రోడ్డు పక్కన నేనూ, ఈగలూ మిగిలాం.

మర్నాడు మళ్ళీ నూజివీడు వెళ్ళాను. నిజం చెప్పి ఇంకో నమూనా అడుగుదామని నా ఉద్దేశం. చెప్పాను. షావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు. గుమస్తాని పిలిచి, "మొదట్నుంచీ ఇంకోసారి చెప్పండి ఆఫీసరుగారూ" అని మళ్ళీ చెప్పించుకున్నాడు. బుట్టలు దించుతున్న ఆడవాళ్ళు కూడా కొంగులు అడ్డం పెట్టుకున్నారు. బుట్టలత్త మాత్రం నవ్వలేదు. నెత్తి మీది చుట్టకుదురు తీసి చేత్తో పట్టుకుని ముందుకొచ్చింది.

"సీసాడు నీళ్ళు ఒలికితేనే బస్సు దించేశారు గదా బాబూ! మేం బావెడు తాగుతున్నాం. మమ్మల్ని ఎక్కడ దించుతారు?"

షావుకారు నవ్వు మొహం మీద సగంలో ఆగిపోయింది.

"రేపట్నించీ మా వాడ ఆడవాళ్ళం పన్లోకి రామండీ షావుకారుగారూ" అందావిడ, గొంతు పెంచకుండానే. "ఇంక మంచినీళ్ళు దూరం నించి మోసుకోడానికే పొద్దు సరిపోద్ది."

షావుకారు కాయల గుట్ట వైపు చూశాడు. రెండు రోజులు పని ఆగితే ఆ కలెక్టర్లందరూ కుళ్ళిపోతారు. "అంత మాటెందుకే అత్తా, చూద్దాంలే" అన్నాడు. "చూట్టం అయిపోయిందండీ, చెయ్యండి" అందావిడ.

మా ఇంజనీరుగారు కోలుకున్నాక, ఐసుపెట్టెతో సహా నేనూ ఆయనా మళ్ళీ వెళ్ళేసరికి కాలవ ఎండిపోయి ఉంది. స్థలం అవతలి చివర పెద్ద గొయ్యి తవ్వించి నీళ్ళు అందులోకి మళ్ళించారు. బావి తోడించి, సున్నం వేయించారు. బుట్టలత్త చేదతో నీళ్ళు తోడి చెంబులో పోసి ఇచ్చింది. తాగాను, తియ్యగా ఉన్నాయి.

"ఇంకా వాసనొస్తందా బాబూ?"

"లేదమ్మా, బాగున్నాయి."

"మరి ఆ మొహం ఏంటి, అట్టా పెట్టావ్?"

నేను కోర్టులో చేయబోయే వాదన అప్పటికే అద్దం ముందు నాలుగుసార్లు చేసుకున్నాను. ఆఫీసుకొచ్చి ఫైలు మీద 'చర్య అవసరం లేదు' అని రాస్తుంటే ఏడుపొచ్చినంత పనైంది. బావి బాగుపడినందుకు దిగులుపడ్డ కాలుష్య ఉద్యోగి ఈ దేశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నడిచి నెగ్గిన కేసులు చాలా చూశాను. తీర్పు కాగితం చేతికొచ్చేసరికి పూడిపోయిన బావులూ చూశాను. ఇప్పుడు ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు ఎక్కడైనా ఎదురుపడితే బాగుండుననిపిస్తుంది. మొహం అలా వేలాడదియ్యకురా నాయనా, ఆవిణ్ణడిగి ఇంకో చెంబెడు తాగు, ఇలాంటి నీళ్ళు నీ సర్వీసులో మళ్ళీ దొరకవు అని చెబుదును.